తాతగారి కాళ్ళ కింది గట్టు

అనగనగా ఒక ఊరు, ఊరి పక్కన ఒక ఏరు, ఏటికి ఒక మట్టిగట్టు. ఆ గట్టు నిలిచింది కనక ఊరు నిలిచింది. ఊరు నిలిచింది కనక మనకీ కథ దక్కింది.

ఆ ఊరి రాజుకు, తన ఊరి చరిత్రను బొమ్మల పుస్తకంగా వేయించాలని ముచ్చట పుట్టింది. బొమ్మల అచ్చులు చెక్కే పని మౌనాచారికి అప్పగించాడు. ఆచారి చెక్కపలక మీద బొమ్మ చెక్కి, సిరా పూసి, కాగితం మీద అద్దేవాడు. ఉలి తగిలిన చోట తెలుపు, తగలని చోట నలుపు. అంతే కిటుకు.

ఆచారి వెనకటి పెద్ద వరద బొమ్మ చెక్కాడు. ఆ వరదకు గట్టుకు గండి పడితే, చేపలమ్మే నూకాలు తన గంపతో మట్టి పోసి, అది కొట్టుకుపోకుండా తానే అడ్డంగా కూర్చుంది. ఆ తరవాతే రాజుగారి తాతగారు జనాన్ని వెంటబెట్టుకుని వచ్చారు. బొమ్మలోనూ అంతే. ముందు నూకాలు, వెనక గట్టు మీద తాతగారు.

మంత్రి చూసి మూతి ముడిచాడు. "రామ రామ! తాతగారికి ముందు చేపలమ్మే మనిషా? తీసేయించండి ప్రభూ!"

రాజు సరేనన్నాడు. ఆచారి చేతులు జోడించాడు.

"ప్రభూ, ఆ వరదనాటికి నేను ఉయ్యాల్లో పసిగుడ్డుని. ఈవేళ బతికి ఉన్నానంటే నూకాలమ్మ చలవే. ఆవిణ్ణి చూసినవాళ్ళంతా పోయారు. పుస్తకంలోనూ లేకపోతే ఇక ఆ తల్లి లేనట్టే."

"చెప్పింది చెయ్యవయ్యా!" అన్నాడు రాజు.

పాపం, ఆచారి ఏం చేస్తాడు? ఆ పలకనే సరిచేసి, మళ్ళీ అద్ది తెచ్చాడు. నూకాలు లేదు. గంప మాత్రం గాల్లో వేలాడుతోంది.

"గంప కూడా తియ్యి!" అన్నాడు మంత్రి. తీశాడు. ఇప్పుడు గండి నోరు తెరుచుకుని ఉంటే, తాతగారు తీరిగ్గా వేడుక చూస్తున్నట్టుంది.

"ఛీ ఛీ! గండి కనపడకూడదు. గట్టంతా తీసెయ్!" అన్నాడు మంత్రి. అదీ తీశాడు.

ఈ చివరి కాగితాన్ని రాజు తన చిన్న కూతురికి చూపించాడు. ఆ పిల్ల కిసుక్కున నవ్వింది.

"నాన్నగారూ, ఈ ముసలాయన నీళ్ళ మీద నిలబడ్డాడేమిటి? మునిగిపోడూ?"

రాజు కాగితం లాక్కుని చూశాడు. "అయ్యయ్యో! మా తాతను నేనే ఏట్లోకి తోశానే! ఆచారీ, గట్టు పెట్టు, గంప పెట్టు, ఆ తల్లిని పెట్టు!" అని అరిచి, వెంటనే తల పట్టుకున్నాడు. చెక్కేసిన చెక్క మళ్ళీ మొలుస్తుందా?

ఆచారి నడుముకున్న గుడ్డమూట విప్పాడు. అందులో మూడు చెక్కముక్కలు. గట్టు, గంప, నూకాలు.

"చెక్కి పొట్టు చెయ్యడానికి చెయ్యి రాలేదు ప్రభూ. అంచు వెంట కోసి, ఊడదీసి దాచాను. దండించాలంటే దండించండి."

"దండనా! మా తాత పరువు దాచావయ్యా నువ్వు!"

ఆచారి ముక్కల్ని ఎక్కడివక్కడ బిగించి, సిరా పూసి అద్దాడు. నూకాలు వచ్చి తన చోట కూర్చుంది. "హమ్మయ్య!" అన్నాడు రాజు. "హమ్మయ్య!" అంది కూతురు. మంత్రి మాత్రం ఆ పూట రాజు పెట్టిన విందుకు ఆగలేదు లెండి.

అతుకుల దగ్గర సన్నని తెల్లగీత మిగిలింది. "దాన్ని ఉండనీ. పిల్లలెవరైనా అడిగితే నా తప్పు చెప్పండి," అన్నాడు రాజు.

పిల్లలు ఆ గీత మీద వేలు పెట్టి అడుగుతూనే ఉన్నారు. పెద్దలు నూకాలు కథ చెబుతూనే ఉన్నారు.

ఒకరు చేసిన మేలును చెరిపేయబోతే, మన కాళ్ళ కింది నేల కూడా దానితోపాటే పోతుంది.