చీర కప్పుకున్న జింక

అనగనగా నల్లమల అడవిని ఆనుకుని ఒక చిన్న ఊరు. ఆ ఊళ్ళో ఓబులమ్మ అని ఒకావిడ ఉండేది. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. అడవి పక్కన కాస్త చేను మాత్రం ఉంది. అందులో అలసందలు పండితే ఏడాదంతా ఆమెకు తిండి. పండకపోతే పస్తు.

ఆ ఏడు అలసందలు బాగా మొలిచాయి. తీగలు సాగాయి. అప్పుడు అడవిలోంచి జింకలు వచ్చాయి. జింకకు ముదురాకు గిట్టదమ్మా, లేత చిగుళ్ళే కావాలి. పొద్దున్నే వెళ్ళి చూస్తే చేను ఒక మూలంతా గొరిగినట్టు ఉంది.

అప్పుడు ఓబులమ్మ మంగలి నాగన్న దగ్గరికి వెళ్ళింది. మనిషి వెంట్రుకల వాసన తగిలితే జింక ఆమడ దూరాన ఆగిపోతుందట.

"తీసుకుపో పెద్దమ్మా, ఊరందరి తలలూ నీ చేలోనే కాపలా కాస్తాయి," అన్నాడు నాగన్న.

ఓబులమ్మ గంపెడు వెంట్రుకలు తెచ్చి గట్టు పొడుగునా చల్లింది. వాసన ఉన్నన్నాళ్ళు జింకలు రాలేదు. ఆ తర్వాత పెద్ద వాన కురిసింది. వాసన పోయింది, జింకలు వచ్చాయి.

అప్పుడు ఆమె పెట్టెలోంచి పాత చీరలు తీసింది. చేను చుట్టూ కర్రలు పాతి కట్టింది. గాలికి అవి రెపరెపలాడుతుంటే మనుషులు నిలబడినట్టే ఉండేది. జింకలు కొన్నాళ్ళు బెదిరాయి. ఆ తర్వాత అలవాటు పడ్డాయి. చీరల కింద నుంచి దూరి, కడుపునిండా మేసి, ఆ నీడలోనే పడుకుని నెమరు వేసేవి.

సగం చేను పోయింది. అప్పుడు పక్కింటి పుల్లన్న వచ్చాడు. అతను వేటగాడు. ఊరి వరసకు మరిది.

"ఏం వదినా, ఒక్క బాణంతో పోయేదానికి ఇన్ని తిప్పలా? ఒకటి పడితే మిగతావి ఇటు తొంగి చూడవు. మాంసంలో నీ వాటా నీ గడపకే తెస్తా. జింక మాంసం రుచి మరిగిన నోరు మేకను ముట్టదు, తెలుసా?"

"మాంసం నాకొద్దు. నా చేను దక్కితే చాలు. కానియ్యి," అంది ఓబులమ్మ.

అంది గానీ, ఆ సాయంత్రం నరసింహస్వామికి దీపం పెడుతూ ఆయన మొహంలోకి చూడలేకపోయింది. ఆకలికి వచ్చినదాన్ని చంపమన్నానే అనుకుంది. నాదీ ఆకలే కదా స్వామీ అని కూడా అనుకుంది.

తెల్లవారింది. ఓబులమ్మ వాకిట్లో కల్లాపి చల్లుతోంది. అప్పుడు పుల్లన్న విల్లు పట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చి, ఆమెను చూసి కొయ్యబారిపోయాడు.

"నువ్విక్కడున్నావా? మరి చేలో ఉన్నదెవరు?"

"చేలో ఎవరుంటారయ్యా?"

"మంచులో ఏదో కదిలింది వదినా. బాణం ఎక్కుపెట్టాను. తీరా చూస్తే నీ ఎర్ర చీర! వంగి కాయలు కోస్తున్నావనుకున్నా. 'వదినా, పక్కకు జరుగు, జింకలొచ్చే వేళ' అని బతిమాలాను. ఉలకవు, పలకవు. 'కోపమొచ్చిందా వదినా' అని కూడా అడిగాను. అప్పుడు నువ్వు తలెత్తి, ఒక్క దూకులో గట్టు దాటేశావు. ఈ వయసులో అంత దూకేమిటని నా గుండె జారిపోయింది!"

ఇద్దరూ చేను దగ్గరికి వెళ్ళారు. పుల్లన్న పెళ్ళాం సుంకమ్మ కూడా వెంట వచ్చింది. గట్టు అవతల ఒక పోతు జింక నిలబడి ఉంది. చీర కింద దూరినప్పుడు కొమ్ములకు చిక్కుకుందేమో, ఎర్ర చీర తల మీద నుంచి వీపు మీదికి జారి ఉంది. అచ్చం ముసుగు వేసుకున్నట్టే ఉంది.

సుంకమ్మ పడీ పడీ నవ్వింది. "ఏమయ్యో, మీ వదినకు అంత లావు కొమ్ములుంటే కనబడలేదా?"

ఓబులమ్మకు నవ్వు రాలేదు. జింక ఎదురుగానే ఉంది, బాణం అతని చేతిలోనే ఉంది. పుల్లన్న విల్లెత్తాడు. గురి చూశాడు. ఆ తర్వాత దించేశాడు.

"నోరారా వదినా అని పిలిచాను. ఇంకెట్లా కొట్టేది?"

ఓబులమ్మ బిగబట్టిన ఊపిరి వదిలింది. వదిలి, వెంటనే అడిగింది, "మరి నా తిండి మాటేమిటి మరిదీ?"

"వదిన మేసినదానికి మరిది పూచీ," అన్నాడు పుల్లన్న.

ఆ రోజు నుంచి తెల్లవారుజామున డబ్బా వాయిస్తూ అతనే చేను కాశాడు. ఆ పంటలో సగమే దక్కింది. తగ్గిన గింజలు తన ఇంట్లోంచి కొలిచిపెట్టాడు. ఆ తర్వాతి ఏడు చేను చుట్టూ కుసుమ గింజలు చల్లాడు. కుసుమ మొక్క నిండా ముళ్ళు కదా, జింకలు మూతి పెట్టి చూసి అడవిలోకి మళ్ళాయి. ఆ పోతు జింకకు కొమ్ములు రాలే కాలం వచ్చి, కొమ్ములతోపాటు ఆ చీరా రాలింది.

ఊళ్ళో ఎవరైనా జింక మాంసం వండి రమ్మంటే పుల్లన్న వెళ్ళేవాడు కాదు. "అది మా వదిన తరఫు చుట్టం," అని గోంగూర పచ్చడితో అన్నం తినేవాడు.

కథ కంచికి,
జింక అడవికి,
నిద్ర నీ కంటికి.