మూడు తలపాగాలు, ఒకటే గుర్తు

కొండల మీద ఎవరి పేరూ రాయని కాలంలో మెరుపుకొండ అని ఒక కొండ ఉండేదంట. ఎండ తగిలితే చాలు, కొండంతా తళతళలాడేది. దాని కడుపులో ఉన్నది కాకిబంగారం. పొరలు పొరలుగా ఊడొచ్చే మెరుపురాయి. ఊరివాళ్ళకు ఆ మెరుపుతో పనిలేదు. వాళ్ళకు కావలసింది కొండమీది మేత, కొండమీది గడ్డి, కొండమీది చవుడు. చవుడంటే బట్టల మురికి వదలగొట్టే తెల్లమన్ను.

ఆ చవుడుతో ఊరి బట్టలుతికే మనిషి అంకాలు. కొండెక్కి చవుడు తెచ్చేది ఆమె మొగుడు పెంచలయ్య. రేవులో బండమీద బాదేది అంకాలు. ఊరందరి బట్టలూ ఒకే రేవులో తడిసేవి, అయినా ఒకరి పంచె ఇంకొకరి ఇంటికి ఏనాడూ పోలేదు. ఎట్లాగంటారా? ఏ గడప నుంచి మూట వస్తే ఆ గడప గుర్తు అంచు మూలన నల్లజీడి రసంతో పెట్టేది. ఒకరికి చుక్క, ఒకరికి గీత, ఒకరికి కొడవలి. బట్ట చిరుగుతుందేగాని నల్లజీడి గుర్తు చెరగదు.

అట్లాంటి ఊరికి వరదయ్య షావుకారు వచ్చాడు. రాజుగారి దగ్గర కొండను గుత్తకు పట్టాడు. కాకిబంగారం తవ్వించాడు, మేడ కట్టాడు. మేడ నుంచి మూట వచ్చింది. ఆ ఇంటికి అంకాలు చేప గుర్తు పెట్టింది.

కొండకు కావలి కావాలి గదా. షావుకారు పొరుగుసీమ నుంచి ఒక కర్రల ముఠాను దించాడు. అందరికీ ఎర్ర తలపాగాలు. మేకలు మేపే గురవడు అలవాటు చొప్పున కొండెక్కాడు. ఎర్ర తలపాగాలవాళ్ళు అతని చెయ్యి విరగ్గొట్టారు.

ఊరంతా మేడ ముందు నిలబడింది. షావుకారు తాంబూలం నములుతూ అన్నాడు:

"చెయ్యి నాది కాదు. కర్ర నాది కాదు. కర్ర పట్టినవాడు నావాడు కాదు. పోయి ముఠాను అడగండి."

ముఠా ఏది? మర్నాటికి మాయం. అంకాలు ఉతికిన మూట మేడకు తీసుకుపోతే, పనిమనిషి చీరలు తీసుకుంది, పంచెలు తీసుకుంది, ఎర్ర తలపాగాలు మాత్రం కాలితో నెట్టింది.

"ఇవి మావి కావు. తీసకపో."

"మీ మూటలోనే వచ్చాయి గదమ్మా."

"కావంటే కావు."

గుర్తున్న బట్టను పారేస్తే రేవు ఒప్పదు. అంకాలు వాటిని ఇంటికి తెచ్చి బానలో పెట్టింది.

ఇంకో ముఠా దిగింది. ఈసారి పసుపు తలపాగాలు. చీపురుగడ్డి కోసుకునే ముసలి వెంకి కొండెక్కింది. కన్ను పోగొట్టుకుని దిగింది. ఊరు మళ్ళీ మేడ ముందు నిలబడింది.

"చెయ్యి నాది కాదు. కర్ర నాది కాదు. కర్ర పట్టినవాడు నావాడు కాదు."

పసుపు ముఠా మాయం. పసుపు తలపాగాలు అంకాలు బానలోకి.

మూడో ముఠా దిగింది. తెల్ల తలపాగాలు. ఈసారి చవుడు కోసం కొండెక్కినవాడు పెంచలయ్య. నలుగురు మోసుకొచ్చారు. రెండు కాళ్ళూ విరిగాయి. మేడ ముందు అదే పాట. ముఠా మాయం.

తెల్ల తలపాగాలూ అంకాలు బానలోకే చేరాయి. మంచంలో పడుకుని పెంచలయ్య అన్నాడు: "అంకాలూ, గురవడి చెయ్యి షావుకారిది కాదంట. వెంకి కన్ను ఆయనది కాదంట. నా కాళ్ళైనా ఆయనవేమో కనుక్కోవే."

"నోర్మూసుకుని గంజి తాగు," అంది అంకాలు. "కనుక్కుంటా."

ఊరి మొర విని రాజుగారు తీర్పరిని పంపాడు. ఒక్క పూటే ఉంటాడు. అప్పటికే ఊరి పొలిమేరలో నాలుగో ముఠా దిగింది, ఆకుపచ్చ తలపాగాలు చుట్టుకుంటూ. ఈ పూట తేలకపోతే ఇంకెవరి ఎముకకో మూడినట్టే.

తీర్పరి అందరి మాటా విన్నాడు. తల గోక్కున్నాడు.

"కొట్టిన ముఠాలు మూడు, మూడూ మూడు రంగులు. ఇప్పుడు ఎవరూ లేరు. నేనెవరి మీద తీర్పు చెప్పను?"

అప్పుడొచ్చింది అంకాలు, నెత్తిన బాన పెట్టుకుని. ఎర్రది ఒకటి తీసి పరిచింది. పసుపుది పరిచింది. తెల్లది పరిచింది. మూడింటి మూలలూ తిప్పి చూపించింది. చేప, చేప, చేప.

"ముఠాలు మూడు సామీ. మూట ఒకటే. మేడ మూట."

షావుకారు నవ్వాడు. "బట్టలుతికేది ఏ గుడ్డకైనా ఏ బొమ్మైనా గీస్తుంది. ఆ గుర్తు నాది కాదు."

"కాదా సామీ?"

"కాదు."

"నిజంగా?"

"కాదంటున్నా గదే."

"ఇంకొక్కసారి చెప్పండి, ఊరు వింటుంది."

"కాదు."

అంకాలు తీర్పరి వైపు తిరిగి చేతులు జోడించింది. "అయ్యా, రేవులో ఒక కట్టుబాటుంది. నీది కాని బట్ట నీ ఒంటిమీద ఉంటే ఉతికే మనిషికి తిరిగివ్వాలి. షావుకారుగారిని పంచె అంచు చూసుకోమనండి."

షావుకారు చూసుకున్నాడు. నడుము పక్కన నల్లగా, నిక్షేపంగా, చేప.

"మీది కాదుగా సామీ. విప్పి ఇటివ్వండి."

మొదట నవ్వింది గురవడు, విరిగిన చెయ్యి పట్టుకుని. తర్వాత ముసలి వెంకి. తర్వాత ఊరూరంతా. షావుకారు రెండు చేతులా పంచె పట్టుకున్నాడు. తాంబూలం నోట్లోనే ఉండిపోయింది.

అంకాలు మాత్రం నవ్వలేదు. "గుర్తెవరిది సామీ?"

"నాదే."

"తలపాగా?"

"నాదే."

"తలపాగా కింద తల?"

షావుకారు నేల చూశాడు. "నావాళ్ళే."

తీర్పరి లేచి నిలబడ్డాడు. "తలకు గుడ్డ చుట్టించినవాడే చేతికి కర్ర ఇచ్చినవాడు. ముఠాను మార్చినంత మాత్రాన తప్పు మారదు. దెబ్బతిన్నవాళ్ళు బతికినన్నాళ్ళు ఈ మూడిళ్ళ పొయ్యీ మేడే వెలిగించాలి. కొండదారి ఊరిది. దారికి అడ్డం పడ్డ రోజు కొండ నీది కాదు."

పొలిమేరలో ఆకుపచ్చ ముఠాకు ఈ మాట చేరింది. తలపాగాలు విప్పి తుమ్మకంప మీద పారేసి, వచ్చినదారినే పోయారంట.

పెంచలయ్య కాళ్ళు మాత్రం మళ్ళీ నిలబడలేదు. షావుకారు ఒప్పుకున్నాడని అంకాలు చెబితే, "సరే, వాటిని ఇకమీద ఆయన్నే మొయ్యమను," అన్నాడు. తీర్పరి ఆ మాటా ఖాయం చేశాడు. ఆనాటి నుంచి పెంచలయ్య షావుకారి పల్లకీలో రేవుకు వెళ్ళేవాడు. బండ పక్కన కూర్చుని, అంకాలు ఉతికిన బట్టల గుర్తులు సరిచూసేవాడు.

అంకాలు పోయి ఎన్ని తరాలైందో ఎవరికీ తెలియదు. ఆమె బాదిన బండ అరిగి పళ్ళెంలా గుంటపడి ఇప్పటికీ రేవులో ఉంది. ఆ సీమలో ఎవరు ఎక్కడ కావలి పెట్టుకున్నా, మొదటి తలపాగాను ఆ బండ మీదికి తెస్తారు. కావలివాడు కాదు, కావలి పెట్టినవాడే తన చేత్తో నల్లజీడి గుర్తు పెడతాడు. రసం తగిలి వేలు పొక్కుతుంది. పొక్కాలి మరి.

ఎవడైనా పెద్దమనిషి "వాడు నావాడు కాదు" అని తప్పుకోబోతే, ఆ ఊళ్ళో పిల్లకాయలు కూడా వాదించరు. ఒకటే మాట అడుగుతారు:

"అయితే పంచె విప్పుతావా సామీ?"

కథ ఉతికి ఆరేశాను. గుర్తు చూసుకుని ఎవరిది వాళ్ళు తీసుకుపోండి.