గజ్జెల ముడి, గ్రామఫోను స్క్రూ

భీమిలి బజారులో గడియారాలూ కుట్టుమిషన్లూ బాగుచేసే ముత్యాలాచారి మంచి పనిమంతుడే కాని, ఏ వస్తువైనా చేతికి లొంగకపోతే దానిమీద బలం చూపించకుండా ఉండలేకపోయేవాడు. మూత రాకపోతే సీసా పగిలేది. గడియ బిగుసుకుంటే తలుపే ఊడేది. "మా ఇంట్లో సామాన్లు పాతబడి పోవు, ఆయన చేతిలో పడి పోతాయి" అని భార్య నూకరత్నం ఎగతాళి చేసేది. ఈమధ్య ఆ ఎగతాళి కూడా మానేసింది. పెరటి తలుపు గడియ విరగ్గొట్టి, తప్పంతా కమ్మరిదేనని ఆచారి వాదించిన దగ్గర్నుంచి ఆమె అన్నం పెట్టడమే గాని మాట్లాడటం లేదు. మాట్లాడించాలని ఆచారి గొంతు పెంచాడు. ఆమె పెదవులు ఇంకా బిగించింది.

శ్రీరామనవమి నాడు పొద్దున్నే మాణిక్యం అనే హరికథ కళాకారిణి ఆటో దిగి కొట్లోకి వచ్చింది. చేతిలో పాత గ్రామఫోను, దానిమీద ఒక రికార్డు, భుజానికి గజ్జెల సంచీ ఉన్నాయి. వెనకే ఆమె గురువు కూర్మదాసు వచ్చి బల్లమీద కూర్చున్నాడు. ఒకప్పుడు ఆయన కథ చెబితే పందిళ్ళు చాలేవి కావు. గొంతుకు జబ్బు చేసి మాట పూర్తిగా పడిపోయింది. ఇప్పుడు ఏం చెప్పాలన్నా చేతులతోనే చెప్పేవాడు.

"ఆచారిగారూ, ఇవాళ సాయంత్రం పందిట్లో సీతాకల్యాణం చెప్పాలి. గురువుగారి వంతు మొదటిసారి నాకిచ్చారు" అంది మాణిక్యం. "గురువుగారు పాడిన సీతమ్మ అప్పగింతల పాట ఈ రికార్డులో తప్ప ఇంకెక్కడా లేదు. పెట్టె తిరగడం లేదు."

"శిష్యురాలివి కదమ్మా, నేర్చుకోలేదా?"

"కథంతా నేర్పారండీ. ఆ పాట ఒక్కటీ తర్వాత చెబుతాననేవారు. అంతలో గొంతు పోయింది. ఈ పెట్టే, రికార్డూ ఎవరో చుట్టాల అటకమీద ఉండిపోయి, నిన్ననే మా చేతికొచ్చాయి. ఆ పాట లేకుండా సీతమ్మను ఎలా అత్తారింటికి పంపను?" ఆమె కళ్ళు తడిశాయి. దాసు తల వంచుకున్నాడు. 'తర్వాత' అన్నందుకు ఆయన పడే బాధ ఆ వంచిన తలలోనే కనిపించింది.

ఆచారి రికార్డు తిరిగే పళ్ళెం ఎత్తి, లోపల దీపం వేసి చూశాడు. గ్రీజు ఎండి రాయిలా గట్టిపడింది. చక్రాలు కదలడం లేదు. దాన్ని కడగాలంటే మోటారు బయటికి తియ్యాలి. మోటారు పలకను నాలుగు స్క్రూలు పట్టుకుని ఉన్నాయి. సముద్రపు గాలికి నాలుగూ తుప్పు పట్టి బిగుసుకున్నాయి.

"ఎంతసేపండీ? ఇప్పుడు తీసేస్తాను" అన్నాడు ఆచారి.

ముందు స్ప్రింగు బిగువు దించాడు. ఆ మాత్రం పని తెలిసినవాడే. తుప్పు స్క్రూకి కిరసనాయిలు వేసి నానబెట్టాలని కూడా తెలుసు. కాని నానబెట్టడమంటే ఆగడం. ఆగడమంటే స్క్రూ ముందు ఓడిపోవడమని ఆయన లెక్క. పెద్ద స్క్రూడ్రైవర్ తీసుకుని ఒళ్ళంతా దానిమీద వేశాడు. మొదటిది వచ్చింది. రెండోదీ వచ్చింది.

"చూశారా?" అని మీసం సవరించుకున్నాడు.

మూడోది కదల్లేదు. ఆచారి పళ్ళు బిగించి తిప్పాడు. టప్‌మని స్క్రూ తల తెగి బల్లకింద పడింది. మొండెం లోపలే ఉండిపోయింది.

మాణిక్యం గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఏమైందండీ?"

"ఏం కాలేదమ్మా, తుప్పు సరుకు" అన్నాడు ఆచారి. ఇక పట్టుకున్నది ఒక్కటే స్క్రూ. అదీ మిగతావాటికంటే మొండిది. దానిమీద ఆయనకు నిజంగానే కోపం వచ్చింది. పిడిని రెండు చేతులా పట్టుకుని మెలిపెట్టాడు. పలక చిన్నగా 'టిక్' అంది.

ఆ చప్పుడు ముగ్గురికీ వినిపించింది. ఆచారి వంగి చూశాడు. పోత లోహపు పలకమీద, స్క్రూ పక్కనే, వెంట్రుకంత గీత పడింది. ఇంకొక్క మెలిక పడితే పలక రెండు ముక్కలవుతుంది. పలక పోతే మోటారు నిలవదు. అలాంటి పెట్టె ఊళ్ళో మరొకటి లేదు. అదంతా ఆచారికి తెలుసు. అయినా చెయ్యి స్క్రూడ్రైవర్‌ను వదల్లేదు. పట్టు వదలడం ఆ చేతికి అలవాటు లేదు మరి.

అప్పుడు దాసు లేచి వచ్చి ఆచారి చేతిమీద చెయ్యి వేశాడు. మాణిక్యం సంచీలోంచి గజ్జెల పట్టీ ఒకటి తీసి, దాని తాడుకున్న ముడి చూపించి, విప్పమని సైగ చేశాడు.

"ఇప్పుడు ఇదేంటండీ!" అని ఆచారి విసుక్కున్నాడు. కాని పెద్దాయన మాట కాదనలేక కొస పట్టి లాగాడు. ముడి బిగిసింది. ఇంకా గట్టిగా లాగాడు. గోరు విరిగిందేగాని ముడి రాలేదు.

దాసు పట్టీ తీసుకున్నాడు. కొసను బయటికి లాగలేదు. దాన్ని వేళ్ళమధ్య నలిపి, మెల్లగా ముడిలోకే నెట్టాడు. ముడి కాస్త ఉబ్బి, వదులై, ఊడిపోయింది.

"కథ అయ్యేసరికి చెమటకు తడిసి ఆ ముళ్ళు రాయి అవుతాయండీ" అంది మాణిక్యం. "లాగితే రావు, ముందు లోపలికి నెట్టాలి. మాకు పాటకంటే ముందు నేర్పే పాఠం అదే."

దాసు వేలితో స్క్రూని చూపించి, ఆ వేలినే బిగించే వైపుకి రవ్వంత తిప్పాడు. ఆచారికి సిగ్గేసింది. ఆ కిటుకు తండ్రి దగ్గర నేర్చుకున్నదే. బలం ఉండగా కిటుకెందుకని మరిచిపోయాడు.

స్క్రూ చుట్టూ కిరసనాయిలు చుక్కలు వేసి చేతులు కట్టుకుని కూర్చున్నాడు. బయట ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. మైకులో పందిరి పనుల కేకలు వినిపించాయి. మాణిక్యం గుమ్మందాకా వెళ్ళి వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. ఆచారి మాత్రం కదల్లేదు. ఊరికే కూర్చోవడం ఇంత కష్టమని ఆయనకు ఆరోజే తెలిసింది. తర్వాత స్క్రూ తలకు టంకం వేసే కడ్డీ ఆనించి వేడి చేశాడు. గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్ వెతికి పెట్టాడు. విప్పే వైపు కాదు, బిగించే వైపు రవ్వంత తిప్పాడు.

'కిర్రు'మంది.

"విరిగిందా?" అంది మాణిక్యం దగ్గరికి వచ్చి.

"లేదమ్మా. ఒప్పుకుంది" అన్నాడు ఆచారి. వెనక్కి తిప్పితే స్క్రూ తనంతట తనే వచ్చింది.

మోటారు కడిగి, కొత్త గ్రీజు పూసి, మూడు స్క్రూలతో బిగించేసరికి పొద్దు వాలింది. రికార్డుమీద ముల్లు ఆనగానే దాసు ఒకప్పటి గొంతు కొట్టంతా నిండింది. మాణిక్యం కళ్ళు మూసుకుని ఆ గొంతు వెంట పాడింది, మళ్ళీ పాడింది. దాసు ఏడుస్తూనే చేత్తో తాళం వేశాడు. అయితే పళ్ళెం తిరిగిన ప్రతిసారీ, స్క్రూ లేని మూల 'టక్' మంటూనే ఉంది.

"ఆ చప్పుడు పోదా అండీ?"

"పోదమ్మా. అది నా తొందర చప్పుడు. పెట్టె ఉన్నన్నాళ్ళూ ఉంటుంది" అన్నాడు ఆచారి తల దించుకుని.

కొట్టు కట్టేసి ఇంటికి వెళ్ళాడు. నూకరత్నం అటు తిరిగి బియ్యం ఏరుతోంది. ఆచారి ఎప్పటిలా గొంతు పెంచలేదు. పక్కన కూర్చుని, "గడియ విరిచింది నేనే. కమ్మరి తప్పేం లేదు. నువ్వన్నదే నిజం" అన్నాడు.

చేట కదలడం ఆగింది. ఆమె దాన్ని పక్కన పెట్టి ఇటు తిరిగింది. "ఈ ఒక్కమాటకి ఇన్నాళ్ళా? లేవండి, పానకం ఉంచాను. తాగి పందిట్లోకి పోదాం. మాణిక్యం కథట కదా" అంది.

బిగుసుకున్నదాన్ని బలంతో లాగితే ఇంకా బిగుస్తుంది, లేదా విరుగుతుంది. ముందు దాని వైపుకి మనమే కాస్త జరిగితే స్క్రూ అయినా, ముడి అయినా, మనిషి మనసైనా తనంతట తానే వదులవుతుంది.