లోకెరటం ఒడ్డు చేరని కథ

ఒకప్పుడు సముద్రం లోపల నడిచే కెరటాలు కూడా ఒడ్డు దాకా రాగలిగేవి. పైన వెచ్చని తేలిక నీళ్లు, కింద చల్లని బరువు నీళ్లు. ఆ రెండింటి నడుమ నడిచేది లోకెరటం. లోపల ఎంత ఎత్తు లేచినా పైన సముద్రం నున్నగానే ఉండేది.

పై కెరటాలు ఊరికే గొప్పలు పోయేవి. "ఒడ్డు మీద మనుషులుంటారు. మమ్మల్ని చూసి పిల్లలు కేరింతలు కొడతారు," అనేవి. ఒక లోకెరటానికి ఆశ పుట్టింది. తెల్లవారగానే బయల్దేరింది.

ఒడ్డు దగ్గరపడగానే దానికి ఒక వల తగిలింది. వలను అవతలినుంచి ఎవరో లాగుతున్నారు. 'నన్నే రమ్మంటున్నారు' అనుకుంది పిచ్చిది. సంబరంగా తనూ లాగింది.

ఒడ్డున ఏడుపు వినిపించింది. మోకాలి లోతు నీళ్లలో కాసులమ్మ అనే జాలరి ఆమె నిలబడి ఉంది.

"ఎందుకమ్మా ఏడుస్తున్నావు?" అంది లోకెరటం.

"ఎవులే నువ్వు? మా ఆయన్ని నీళ్లల్లోకి లాగీసినావు. మరి పైకి తేల్లేదు."

"తాడు వదిలేయాల్సింది కదా?"

"ఎలాగ ఒగ్గుతాడు? వల లాగినోళ్లందరూ మోకు నడుంకి సుట్టుకుంతారు. ఒకడు ఒగ్గీస్తే బరువంతా పక్కోడి మీద పడతాది. నీళ్లు నున్నగున్నాయి, బయం లేదనుకున్నారు. రేపు నా కొడుకు అదే మోకు కట్టుకుంతాడు. నీ అక్కసెల్లెళ్లు కూడా వత్తారేటి?"

వస్తారు. వెనకాలే బారులు తీరి ఉన్నారు. లోకెరటానికి దుఃఖం పొంగుకొచ్చింది. సిగ్గేసింది.

వెనుదిరిగి సముద్రపు నేలను బతిమాలింది. "తల్లీ, ఒడ్డు దగ్గర నీ వీపు పైకెత్తు. మమ్మల్ని ఆపు."

"ఎత్తితే మీ కాళ్లు నాకు రాసుకుని బలమంతా పోతుంది. మీరు మిగలరమ్మా," అంది నేల.

"తెలిసే అడుగుతున్నాను. ముందు నన్నే ఆపు."

నేల మెల్లగా వీపెత్తింది. లోకెరటం దాని మీదికి నడిచింది. కాళ్లు నేలకు రాసుకుని వెనకబడ్డాయి, తల ముందుకు తూలింది. బోర్లా పడి విరిగిపోయింది. దాని చల్లని నీళ్లు వెచ్చని నీళ్లలో కలిశాయి. అడుగున ఉన్న మేత పైకి తేలితే చేపలు మూగాయి.

మర్నాడు కాసులమ్మ కొడుకు మోకు చుట్టుకుని వల లాగాడు, ఇంటికొచ్చాడు. ఆమె నీళ్లలో దిగి, కాళ్లకు చల్లగా తగిలినచోట దణ్ణం పెట్టుకుంది.

అప్పటినుంచే లోకెరటాలు లోతు తగ్గేచోట నేలను రాసుకుంటూ బలం పోగొట్టుకుని విరిగిపోతాయి. అడుగు చల్లదనం పైకొచ్చి కలుస్తుంది. ఒడ్డుకు మాత్రం ఒక్కటీ చేరదు.