పడవ కింద తట్టింది

మా గురువు కోదండం గారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాడి చేతిలో ఏదో ఒక వస్తువు పెట్టేవారు. దేవుడున్నాడా అని నేనడిగిన రోజున బతికున్న పీతను పెట్టారు. పూటంతా దాన్ని వదలకుండా పట్టుకున్న శిష్యుణ్ణి ఈ తూర్పు తీరం మొత్తానికి నేనొక్కణ్ణే. సందేహముంటే వేలు చూపిస్తాను.

వీరభద్రం చేతిలో మాత్రం సెల్‌ఫోను పెట్టారు.

అతను మా రేవులో ఐసు ఫ్యాక్టరీ యజమాని. ఆ ఏడు చమురు ధర మండిపోయి బోట్లన్నీ గట్టునే కట్టేసి ఉన్నాయి. ఐసు కొనేవాడు లేడు. గురువు గారు వల బాగుచేసుకుంటూ ఉంటే సంచీ ఒకటి చంకన పెట్టుకుని వచ్చాడు.

"ప్రయాణం ఖరీదైతే మనుషులు తిరగడం మానేసి మాట్లాడుకుంటారు గురువు గారూ. టవరు లేనిచోట కూడా పలికే శాటిలైట్ ఫోన్ల కంపెనీలో వాటాలు కొందామనుకుంటున్నా. ఫ్యాక్టరీ తాకట్టు పెట్టి ఈ డబ్బు తెచ్చాను. అంతా పెట్టెయ్యమంటారా?"

తెల్లవారినప్పటి నుంచీ మోగుతూ ఆగుతూ ఉన్న గురువు గారి సెల్లు మళ్ళీ మోగింది. ఆయన దాన్ని వీరభద్రం అరచేతిలో పెట్టి, "వాణ్ణడుగు" అన్నారు.

నడిసముద్రం నుంచి మా రేవు జాలరి సింహాద్రి. అతని బోటులో అలాంటి శాటిలైట్ ఫోనే ఉంది. అది కొన్న ధైర్యంతో, "అయిపోతే ఫోన్ చేద్దాంలే" అని, డీజిలు ధరకు జడిసి అదనపు డ్రమ్ము గట్టునే వదిలేసి వేటకెళ్ళాడు. ఇప్పుడు ఇంజను ఆగిపోయి నలుగురు మనుషులు ఇంకా లోపలికి కొట్టుకుపోతున్నారు. రక్షించాల్సిన ఓడ ఎక్కడో తుపాను పనిలో ఉంది. రేవులో బోట్ల ట్యాంకులన్నీ ఎండిపోయి ఉన్నాయి.

"సింహాద్రీ, వినబడుతోందా?" అన్నాడు వీరభద్రం. నేనూ ఫోను పక్కన చెవి ఆనించాను.

"పక్కన కూచుని చెప్పినట్టుంది బాబూ. మీ వెనకాల కాకి అరుపు కూడా వినబడతంది."

ఆ మాటల వెనక ఇంకో చప్పుడు. టక్... టక్... ఎవరో తలుపు తట్టినట్టు.

"ఎవర్రా ఆ కొడుతున్నది?"

"మేం కాదు బాబూ. పడవ కింద నుంచి. ఇన్నాళ్ళూ ఇంజన్ల రొదలో మనకి వినపడలేదంతే. ఈ ఏడు బోట్లు లేక సముద్రం మూగబోయింది గదా." గొంతు తగ్గించాడు. "మేం నోరు మూసుకుంటే ఆగుతంది. మాటాడితే కొడతంది."

సొరచేప నోట్లో చెయ్యి పెట్టి గాలం వెనక్కి తీసుకున్నవాణ్ణి నేను. నాకే మెడ మీద వెంట్రుకలు లేచాయి.

వీరభద్రం ఫోను చెవి నుంచి తియ్యలేదు. రెండో చేత్తో సంచీ నా ఒళ్ళో పడేశాడు. "నీ బోటుకి డీజిలు పోయించు అప్పన్న మావా. నేనూ వస్తున్నా." అతను పుట్టాక ఎప్పుడూ బోటెక్కి ఎరగడు!

నేను చుక్కాని పట్టాక ఇక చెప్పేదేముంది? అలలు పక్కకు తప్పుకుని దండం పెట్టాయి. ఎండ వాలకముందే నలుగురినీ చేరాం. తాడు కట్టడానికి ఇంజను ఆపాను. "అందరూ ఉన్నారా?" అని కేకేశాను.

మా బోటు కింద... టక్. టక్.

వీరభద్రం వంగి చూశాడు. నీళ్ళు అద్దంలా తేటగా ఉన్నాయి. కింద ఏమీ లేదు. ఏమీ లేకపోవడం నేనూ చూశాను. ఈ ఒక్కదానికీ నేనేమీ కలపలేదు.

మర్నాడు వీరభద్రం బక్కచిక్కిన సంచీతో మళ్ళీ గురువు గారి ముందు కూర్చున్నాడు. "కంపెనీ మంచిదే గురువు గారూ. అంత దూరం నుంచి మాట చెక్కుచెదరకుండా వచ్చింది. మిగిలింది పెట్టమంటారా?"

గురువు గారు వల ముడి పంటితో బిగించారు. ఆ రోజు అతని చేతిలో ఏమీ పెట్టలేదు.

"నువ్వు వెళ్ళావు గనక ఆ పిలుపు మాటయింది, వీరభద్రం. ఎవరూ వెళ్ళని పిలుపులు ఏమవుతాయో... నిన్న కింద నుంచి విన్నావుగా."