పాత టేపులో సీతారత్నం గారు

రాజమండ్రిలో వీడియో ఎడిటింగ్ నేర్పే మార్కండేయులు మాస్టారికి, అడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పే అలవాటు లేదు. రెండేళ్లుగా ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న తబితకు ఆ సంగతి తెలుసు. అయినా ఆ వేళ అడగక తప్పలేదు.

"మాస్టారూ, పాత బొమ్మనీ కొత్త బొమ్మనీ ఒకే చిత్రంలో కలపాలంటే పాతదాన్ని పెంచాలా, కొత్తదాన్ని తగ్గించాలా?"

ఆమె చేతిలో ఉన్నది సీతారత్నం గారి సంవత్సరీకం నాడు వేయబోయే చిత్రం. గోదావరికి రెండు గట్లా పేరు మోసిన హరికథా గాయని ఆవిడ. కథ చెబుతుండగా తీసిన వీడియో ఒక్కటే మిగిలింది. పాతికేళ్ల నాటి టేపు, ఇరుకు బొమ్మ, పైగా మసక. అదే కథను ఇప్పుడు కూతురు చెబుతుంటే హెచ్‌డీ కెమెరాతో తీశారు. అది తెర నిండా పరుచుకుని, పట్టుచీర అంచులో పోగులు కనబడేంత స్పష్టంగా ఉంది. రెంటినీ ఒకదాని వెనక ఒకటి పెడితే కూతురి ముందు తల్లి వెలవెలబోతోంది. అది తబిత మనసుకు కష్టంగా తోచింది.

"నీకు తోచినట్టు చెయ్యమ్మా. సోమవారం వీరాస్వామి గారు చూడ్డానికొస్తారు," అన్నారు మాస్టారు.

తబిత మూడు రోజులు ఒళ్లు దాచుకోకుండా పనిచేసింది. పాత బొమ్మను రెండు పక్కలకీ సాగదీసి తెర నింపింది. మసక పోయేలా పదును పెట్టింది, చుక్కలు తుడిచింది. ఆ తుడుపులో ముఖం మీది స్ఫోటకపు మచ్చలు కూడా పోయాయి. పోతే పోనీ, ఇంకా అందంగా ఉన్నారు అనుకుంది.

వీరాస్వామి గారు సీతారత్నం గారి భర్త. ముప్పై ఏళ్లు ఆవిడ కథకు మృదంగం వాయించినవారు. సోమవారం ఉదయం కూతురి చెయ్యి పట్టుకుని వచ్చి, గోడవార కుర్చీలో కూర్చున్నారు. కూతురి బొమ్మ చూసి తృప్తిగా తలూపారు. తరవాత తల్లి బొమ్మ వచ్చింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, కూతురి వైపు తిరిగారు.

"ఈవిడెవరే?"

కూతురు తలదించుకుంది.

మాస్టారు లేచి వచ్చి, టేపులోని బొమ్మను ఉన్నదున్నట్టుగా తెర మధ్యన పెట్టారు. అటూ ఇటూ నలుపు. నడుమ చిన్నగా, మసగ్గా, చేతిలో చిరతలతో సీతారత్నం గారు. ఒక చరణం ముగించి ఆవిడ పక్కకు తిరిగారు. బొమ్మలోకి రాని మృదంగం వైపు చూసి నవ్వారు.

వీరాస్వామి గారు కుర్చీని నేల మీద ఈడ్చుకుంటూ ముందుకు జరిగారు. మోకాళ్లు తెర ఉన్న బల్లకు తగిలేదాకా జరిగారు.

"రత్నం," అన్నారు, పిలిచినట్టుగా.

వాళ్లు వెళ్లాక తబిత తన మూడు రోజుల పనంతా చెరిపేసింది. "ఉన్నదున్నట్టే ఉంచుతాను మాస్టారూ. కానీ సభలో ఆ నలుపు మధ్య మరీ చిన్నగా కనబడదూ?"

"కుర్చీ ఆయనే జరుపుకున్నారమ్మా," అన్నారు మాస్టారు. "మనం జరపలేదు."