పూలదిబ్బ

పూర్వం అర్కేశ్వరస్వామి వెలసిన రాచగుట్ట కింద, కనుచూపు మేర చౌడు కమ్మిన నేల ఉండేది. వాన వెలిసిన మర్నాటికే సున్నం చల్లినట్టు తెల్లబడే ఆ పొలాల్లో నాలుగేళ్లుగా గింజ మొలవక, గ్రామస్థులందరూ వలసపోవడానికి నిశ్చయించుకుని, స్వామి ఉత్సవమూర్తిని కూడా వెంట తీసుకురమ్మని అర్చకుడు విరూపాక్షయ్యను కోరారు. వెళితే మూలవిరాట్టుకు దీపం పెట్టే దిక్కుండదు, ఉంటే నైవేద్యానికి పిడికెడు గింజలుండవు. ఏదీ తోచక ఆయన వారం గడువు అడిగాడు.

ఆ వారంలోనే ఒక ఉదయం, గుడి ఊడ్చే సుంకమ్మ తన మడిలో ఏదో నల్లగా వెదజల్లుతూ ఆయన కంటబడింది. ఏమిటని అడిగితే, స్వామికి అర్పించి తీసివేసిన నిర్మాల్యాన్ని, తిన్న విస్తళ్లను, కొట్టంలోని పేడను ఏడాదిగా గోతిలో పొరలు పొరలుగా వేసి, మట్టి కప్పి మాగబెట్టానని వినయంగా చెప్పింది. స్వామి శిరస్సున నిలిచిన పువ్వు పేడలో కలిసిందని విని ఆయన నివ్వెరపోయాడు. అపచారమని మందలించబోయి, ఏ శాస్త్రంలో ఏమని ఉందో గుర్తురాక ఆగిపోయాడు.

"ఇది కుళ్లలేదు అయ్యవారూ, మాగింది. ఒక్కసారి చెయ్యి పెట్టి చూడండి," అంది సుంకమ్మ.

ఆయన చెయ్యి పెట్టాడు. తొలకరికి తడిసిన మట్టి వాసన తప్ప, అందులో పేడ ఏదో పువ్వు ఏదో తెలియలేదు. స్నానం చేయాలో, కళ్లకద్దుకోవాలో కూడా తెలియక, నల్లబడిన అరచేతిని చూసుకుంటూనే గుట్ట ఎక్కాడు. ఊరివారిని మాత్రం ఇంకొక్క పంటకాలం ఆగమన్నాడు. ఎందుకని అడిగితే, తనకూ తెలియదన్నాడు.

చుట్టూ తెల్లని చౌడు మధ్య సుంకమ్మ మడిలో మాత్రం కొర్ర నిండుగా వెన్ను తీసింది. అది చూసి జనం కట్టిన మూటలు విప్పి, ఎవరి పొలంలో వారు గోతులు తవ్వడం మొదలుపెట్టారు. అయితే ఆ కొత్త కొర్రలు వండి నివేదించే వేళ విరూపాక్షయ్య సందేహం తిరిగి లేచింది. గిన్నె పట్టుకుని లింగం ముందు నిలబడిపోయి, ఇది నీకు తగునో తగదో నువ్వే చెప్పమని స్వామినే అడిగాడు. అంతలో లింగం మీది జిల్లేడుపువ్వు జారి, తిన్నగా వచ్చి ఆ గిన్నెలో పడింది. అది అనుగ్రహమో, ఆక్షేపణో ఆయనకు తేలలేదు. చెమర్చిన కళ్లతో నైవేద్యం మాత్రం పెట్టేశాడు.

కాలక్రమాన నేలంతా నల్లబడి ఊరు నిలిచింది. ఏటేటా నిర్మాల్యం పడి సుంకమ్మ గొయ్యి ఉన్న చోటు పూలదిబ్బ అయి, ఊరికీ ఆ పేరే స్థిరపడింది. నేటికీ మృగశిర కార్తె ప్రవేశించిన ఉదయం అక్కడి అర్చకుడు ఆ దిబ్బలో చెయ్యి పెట్టి, కడుక్కోకుండానే గర్భాలయం గడప దాకా వచ్చి, లోపలికి పోనా మాననా అన్నట్టు ఆగుతాడు. సుంకమ్మ ఇంటి ఆడపడుచు ఒకరు ముందుకు వచ్చి, "పదండి అయ్యవారూ, స్వామి ఆకలితో ఉన్నాడు," అన్న తరువాతే ఆయన గడప దాటుతాడు.